గునుగు విత్తనం కొనకు, ముందు నీ పెరడు చూసుకో

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జడ్చర్ల దగ్గర కొత్త ఇల్లు కట్టుకున్నారు, ఇంటి వెనక ముప్పై గజాల ఖాళీ జాగా ఉంది, పోయినసారి బతుకమ్మకు పూలన్నీ మార్కెట్లో కొంటే చేతిలో డబ్బులు అయిపోయాయి, పైగా రంగు గునుగు, అంటే బతుకమ్మలో పేర్చే తెల్లటి వెన్ను పువ్వుకు రంగు వేసింది, నీ పట్టుచీర మీద కారింది, పేర్చిన బతుకమ్మ పక్కకు ఒరిగింది. ఈసారి పూలన్నీ ఇంట్లోనే పూయించాలి, గునుగు విత్తనాలు ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతాయి, దీపావళి దాకా ఇల్లు అలంకరించడానికి ఇంకేం వేయాలి, జూన్ అయిపోవస్తోంది కదా, ఇంకా టైం ఉందా, ఖర్చు ఎంత అవుతుంది అని అడిగావు.

టైం ఉంది. ఈ ఏడు ఇంకా ఎక్కువే ఉంది, ఎందుకో చెప్తాను. నేను దేవరకొండ రోడ్డు వైపు ఊర్లో ఉంటాను, మా ఇంటాయన, నేను ఇరవై గుంటల్లో ఇరవై ఏళ్లకు పైగా బంతి, చామంతి వేస్తున్నాం. నాకు చదువు పెద్దగా లేదు కానీ పూలలో నష్టపోయిన అనుభవం మాత్రం బాగా ఉంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదువు.

ముందు తేదీలు. చాలామంది చేసే తప్పు ఏంటంటే పోయినేడు ఏ తారీఖున నారు పోశారో ఈ ఏడూ అదే తారీఖున పోయడం. మన పండగలు తిథిని బట్టి వస్తాయి, బంతి మొక్కకు తిథి తెలియదు, అది రోజులు లెక్కపెడుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, దసరా అక్టోబర్ చివరి వారం దగ్గరికి పోయింది. 2025లో అక్టోబర్ 2కే దసరా. మూడు వారాల తేడా! 2025లో పాత అలవాటు ప్రకారం నారు పోసిన మా ఊరి రైతు ఒకాయనకు ఎంగిలి పూల నాటికి, అంటే బతుకమ్మ మొదటి రోజుకు, తోటంతా పచ్చగా ఉంది, మొగ్గలే తప్ప పువ్వు లేదు. పండగ అయిపోయిన తర్వాత విరగబూసింది, అప్పుడు కొనేవాడు ఎవరు? ఇప్పుడు ఈ 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి మళ్ళీ అన్నీ ఆలస్యంగా వస్తున్నాయి. పెత్రమాస, అంటే ఎంగిలి పూల బతుకమ్మ, అక్టోబర్ 10. దసరా అక్టోబర్ 20. దీపావళి నవంబర్ 8. సద్దులు, అంటే చివరి రోజు పెద్ద బతుకమ్మ, మీ ఊర్లో ఏ రోజు చేస్తారో మీ అయ్యగారిని అడుగు, దాంట్లో ఒక రోజు అటూ ఇటూ ప్రతి ఏడూ గొడవే.

ఇప్పుడు ఆ తేదీల నుంచి వెనక్కి లెక్కపెట్టు. ముద్దబంతి నారు పోసిన ఇరవై అయిదు, ముప్పై రోజులకు నాటుకు వస్తుంది. నాటిన తర్వాత రకాన్ని బట్టి యాభై నుంచి అరవై రోజులకు పువ్వు చేతికి వస్తుంది. అంటే మొత్తం ఎనభై, తొంభై రోజులు. అక్టోబర్ 10కి పూలు కావాలంటే జూలై మొదటి వారంలో నారు పోయాలి, రెండో వారం దాటనివ్వకు. దీపావళికి ఇంకో విడత కావాలి, దానికి జూలై నెలాఖరులోనో ఆగస్టు మొదటి రెండు మూడు రోజుల్లోనో పోసుకో. మొదటి విడత చెట్లే దీపావళి దాకా పూస్తాయి కదా అంటావేమో, పూస్తాయి, కానీ పువ్వు చిన్నదైపోతుంది, గుమ్మానికి కట్టే దండకు అంత కళ రాదు. రేకబంతి అయితే నాటిన నలభై అయిదు రోజులకే పూస్తుంది, ఆలస్యమైన వాళ్ళకు అదే దిక్కు.

నీ జాగాలో సగం బంతికి ఇచ్చెయ్. అడుగున్నర దూరంలో నాటితే అరవై మొక్కల దాకా పడతాయి, ఒక ఇంటికి అవి బాగా సరిపోతాయి, పక్కింటి వాళ్ళకు కూడా ఇవ్వొచ్చు. నారు నేల మీద పోయకు. జూలై వానకు నీళ్ళు నిలిచి మొదలు దగ్గర కుళ్ళి ఒక్క రాత్రిలో పడిపోతుంది, నారుకుళ్ళు అంటాం. ట్రేలో కొబ్బరిపొట్టు వేసి ఒక్కో గుంతలో ఒక్కో గింజ పెట్టు, లేకపోతే జానెడు ఎత్తు మడి చేసి పోయి. అయిదారు రోజుల్లో మొలకెత్తుతుంది. కుళ్ళు కనిపిస్తే లీటరు నీళ్ళకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేటట్టు పోయి, రెండోసారి అవసరం రాదు సాధారణంగా.

నాటిన నాలుగు వారాలకు ప్రతి మొక్క తల తుంచాలి. ఇది కొత్తవాళ్ళకు మనసొప్పదు. నాకు కూడా మొదటి ఏడు మనసొప్పలేదు, అంత చక్కగా పెరుగుతున్నదాన్ని ఎందుకు తుంచాలి అని వదిలేశాను, ఒంటి కర్రలాగా పెరిగి, చివర నాలుగు పెద్ద పూలు పూసి గాలికి పడిపోయింది. తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, పూలు ఎక్కువ వస్తాయి. కాకపోతే పూత వారం, పది రోజులు ఆలస్యమవుతుంది, అందుకే జూలై మొదటి వారం అన్నాను. నారు ఆలస్యమైతే మాత్రం తుంచకు, ఉన్నవి పూయనీ.

యూరియా గుప్పెళ్ళు గుప్పెళ్ళు వేయొద్దు. ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, పువ్వు మాత్రం రాదు. నాటే ముందు బాగా మాగిన పశువుల ఎరువు వేస్తే మన ఎర్ర చెల్క నేలకు చాలు. పూత మొదలైనాక నీళ్ళు మొదట్లో పోయి, పువ్వు మీద కాదు, ముద్దబంతి రేకుల మధ్య నీళ్ళు నిలిస్తే లోపల నుంచి కుళ్ళుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది, దండ గుచ్చేటప్పుడు చేతిలో రాలిపోతుంది. వాన లేక పొడిగా ఉన్నప్పుడు ఆకులు వెలిసిపోయినట్టు అయి, అడుగున సన్నటి గూడు కనిపిస్తే అది ఎర్రనల్లి. పైపుతో ఆకుల అడుగుకు గట్టిగా నీళ్ళు కొట్టు, తర్వాత లీటరుకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె కొంచెం సబ్బునీళ్ళతో కలిపి కొట్టు.

హైబ్రిడ్ విత్తనం కొంటే దాని పూలు ఎండబెట్టి వచ్చే ఏటికి దాచుకోకు, అదే పువ్వు రాదు. నాటు బంతి అయితే దాచుకో.

ఇక నువ్వు అసలు అడిగింది గునుగు.

గునుగు విత్తనం డబ్బులు పెట్టి కొంటాను అంటే మా అత్తమ్మ ఉండి ఉంటే నవ్వి నవ్వి చచ్చేది. ఆమె కాలంలో జొన్న చేలో గునుగు పీకలేక నడుములు పడిపోయేవి. అది కలుపు మొక్క చెల్లె. పీకిన లేత గునుగు ఆకుతో కూర వండుకునేవాళ్ళు, పప్పులో కూడా వేసేవాళ్ళు, మిగిలింది పశువులకు. పెరిగిందేమో బతుకమ్మకు. ఇప్పుడు దొరకడం లేదు అంటే పత్తి చేలలో గడ్డి మందు కొడుతున్నారు, గట్లు కూడా వదిలిపెట్టడం లేదు, గట్టు తెల్లగా గీకినట్టు ఉంటే మంచి రైతు అని పేరు. జొన్న కూడా తగ్గిపోయింది. గునుగు పోయిందంటే ఎవరో ఎత్తుకుపోలేదు, మనమే మందు కొట్టాం. మా గట్టు మీద నేను వదిలేస్తే పక్క చెల్క ఆయన వచ్చి మీ కలుపు గింజలు నా చేలో పడుతున్నాయి అని నాలుగు తిట్లు తిట్టిపోయాడు. ఆయన తప్పు కూడా లేదు, గునుగు ఒక్క వెన్నులో నల్లగా మెరిసే సన్న గింజలు లెక్కలేనన్ని ఉంటాయి. ఆ తర్వాత నుంచి సద్దులు అయిపోగానే, వెన్నులు ఎండి గింజ రాలకముందే ఆ వైపు గునుగంతా కోసేస్తాను, రెండు బారల మేర మాత్రం ఇంటి వైపు ఉంచుకుంటాను. ఆయన కోడలే ఇప్పుడు మా దగ్గరికి గునుగు కోసం వస్తుంది, ఆ సంగతి ఆయనకు చెప్పొద్దని నవ్వుతుంది.

నువ్వేం చేయాలంటే, ముందు నీ జాగాలో ఇప్పుడు మొలిచిన కలుపు పీకకు. ఇల్లు కట్టకముందు అది చెల్క అయ్యుంటే మట్టిలో గునుగు గింజ ఉండే అవకాశం ఉంది. లేదంటే మీ అత్తగారింట్లోనో అమ్మగారింట్లోనో అటక మీద పోయినేటి ఎండు గునుగు కట్ట ఉందేమో అడుగు, చాలా ఇళ్ళల్లో ఉంటుంది. దాన్ని న్యూస్ పేపర్ మీద దులుపు. వెన్ను పైన పూస్తూ ఉండగానే కింద గింజ కట్టేస్తుంది, అందుకే పండక్కి కోసిన గునుగులో కూడా కొంత గింజ ముదిరే ఉంటుంది. రంగులో ముంచిన కట్ట వద్దు, వేడి నీళ్ళలో ముంచి ఉంటారు, ఆ గింజ మొలకెత్తుతుందని నమ్మలేం. దొరికిన గింజను ఇసుకలో కలిపి, మట్టి కాస్త కదిపి పైపైన చల్లెయ్, లోతుగా పూడ్చకు. బాగా ఎండ పడే చోట చల్లు, గోడ నీడలో సన్నగా సాగి వంగిపోతుంది. జూలైలో చల్లితే సెప్టెంబర్ నెలాఖరుకు వెన్నులు వస్తాయి. ఎరువు అస్సలు వద్దు, ఎరువు వేస్తే మనిషి ఎత్తు ఆకు పెరుగుతుంది.

ఈ ఏటికి నీ ఇంట్లో పూసిన గునుగు ఎంగిలి పూలకు, చిన్న బతుకమ్మలకు సరిపోతుంది. సద్దుల నాడు నిలువెత్తు పేర్చాలంటే సరిపోదు. అప్పుడు కొను, కానీ షాపులో కాకుండా పల్లెల నుంచి తెచ్చి రోడ్డు పక్కన కట్టలు పెట్టుకుని కూర్చునే ముసలమ్మల దగ్గర కొను. వాళ్ళను ఒక్క మాట అడుగు, ఇది పత్తి చేలోదా, మందు ఎప్పుడు కొట్టారు అని. సెప్టెంబర్, అక్టోబర్‌లో పత్తికి పురుగు మందులు కొడుతూనే ఉంటారు. ఆ గునుగును రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని కోసి, తెంపి, పేర్చి అవే చేతులతో పిల్లలకు సత్తుపిండి ముద్దలు పెడతాం. అడిగితే తప్పేం లేదు, వాళ్ళు నిజమే చెప్తారు. ఎక్కడిదైనా సరే, ఇంటికి తెచ్చాక తలకిందులుగా పట్టుకుని దులిపి, ఒకసారి నీళ్ళలో జాడించి ఆరబెట్టు.

చీర మీద రంగు కారింది అన్నావు కదా, అది రంగు తప్పు కాదు, తొందర తప్పు. సద్దుల ముందు రోజు రాత్రి చల్లనీళ్ళలో రంగు కలిపి ముంచి, తడి ఆరకముందే అమ్మేస్తారు. నువ్వే చేసుకుంటే రెండు రోజుల ముందు చెయ్. గునుగును ఒకే పొడవుకు కత్తిరించి చిన్న చిన్న కట్టలు కట్టి, నీళ్ళు మరిగించి రంగు పొడి వేసి, తెల్లటి వెన్ను మాత్రమే మునిగేటట్టు ముంచి వెంటనే తీసెయ్. గట్టిగా విదిలించి, నీడలో తీగకు తలకిందులుగా వేలాడదీయి. ఒక రోజంతా ఆరాక తెల్ల గుడ్డతో తుడిచి చూడు, గుడ్డకు అంటకపోతే చీరకు కూడా అంటదు. పసుపు నీళ్ళు పసుపుపచ్చ రంగుకు బాగానే పని చేస్తాయి. బీట్‌రూట్ నేను చూశాను, మొదట చక్కగా ఎర్రగా కనిపించి ఆరేసరికి మట్టి రంగు అయింది. మోదుగు పువ్వు ఎండాకాలం ముందే పూస్తుంది, అప్పుడు ఎండబెట్టి దాచుకుంటే నారింజ రంగు వస్తుంది, ఈ ఏటికి అది అయిపోయింది, వచ్చే ఏటికి గుర్తు పెట్టుకో. నన్ను అడిగితే నాలుగు వరసలకు ఒక వరస రంగు చాలు, మిగతాది తెల్లగా ఉంటేనే తంగేడు పసుపు పక్కన వెలుగుతుంది, పైగా రేపు అదంతా పోయేది చెరువులోకే.

తంగేడు ఈ ఏడు నాటి ఈ ఏడే పూయించుకోవాలనుకోకు. గింజ పెంకు గట్టిది, వేడినీళ్ళు పోసి రాత్రంతా నానబెడితే తప్ప సరిగ్గా మొలవదు. వేరు నేరుగా కిందికి దిగుతుంది కాబట్టి ఎక్కడి నుంచో పీకి తెచ్చి నాటితే బతకదు, నేను నాలుగుసార్లు తెచ్చి నాలుగుసార్లు చంపాను. ఉండే చోటే గింజ పెట్టు, లేదా సంచిలో పెంచి వేరు కదలకుండా నాటు. ఒకసారి పట్టుకుంటే ఇక నీళ్ళు కూడా అడగదు, రాళ్ళ నేలలో బతికే చెట్టు, మేకలు కూడా పెద్దగా ముట్టవు. వానకు బాగా పూస్తుంది. గేటు పక్కన రెండు మొక్కలు పెట్టుకో, వచ్చే ఏటికో పైయేటికో బతుకమ్మ మొదటి వరస నీ ఇంటి తంగేడుతోనే పేరుస్తావు. 2014లో దీన్ని రాష్ట్ర పుష్పం అన్నారు, కానీ రోడ్డు వెడల్పు చేసే జేసీబీకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, నల్లగొండ నుంచి దేవరకొండ దాకా రోడ్డు పక్కన ఉండే తంగేడు ఇప్పుడు వెతుక్కోవాలి.

అప్పటిదాకా బయట కోసుకో. జడ్చర్ల చుట్టుపక్కల గుట్టల అంచున, బీడు భూముల్లో ఉంటుంది. పొద్దు పొడవకముందే వెళ్ళు, సగం మొగ్గ సగం పువ్వు ఉన్న గుత్తులు చూసి కోయి, పూర్తిగా విప్పారినవి ఇల్లు చేరేలోపే రాలతాయి. కొమ్మ విరవకు, కత్తెరతో గుత్తి వరకే కత్తిరించు, అక్కడే మళ్ళీ చిగురు వస్తుంది. చేతిలో ఒక కర్ర పెట్టుకుని ముందు పొదను తట్టు, వానాకాలం కదా, పాము ఉంటుంది. ఇది మాట వరసకు చెప్పడం లేదు.

కోసినదాన్ని ఎట్లా తెస్తావు అన్నది ఇంకా ముఖ్యం. ఒక ఏడు హైదరాబాద్‌లో ఉన్న మా బిడ్డకు సద్దుల కోసం తంగేడు ప్లాస్టిక్ బస్తాలో కుక్కి, మూతి కట్టి బస్సులో తీసుకుపోయాను. ఎల్బీనగర్‌లో దిగి మూతి విప్పితే ఆవిరి వచ్చింది, అబద్ధం కాదు, ఉడకబెట్టిన తోటకూరలాగా ఉంది. నా బిడ్డ ఏమీ అనలేదు, దాని అత్తగారు మాత్రం చూసి పక్కకు తిరిగి నవ్వింది. పూలు కోశాక కూడా ఊపిరి పీలుస్తూ వేడి పుట్టిస్తాయి, గాలి ఆడకపోతే అవే ఉడుకుతాయి. వెదురు బుట్టలో తడి నూలు గుడ్డ పరిచి, వదులుగా పేర్చి, పైన ఇంకో తడి గుడ్డ కప్పు. ఇంటికి రాగానే చల్లటి గచ్చు మీద పరుచు, ఫ్యాన్ కింద మాత్రం వద్దు, వాడిపోతాయి. బంతికి కూడా ఇదే పద్ధతి.

పూలు కోయడానికి పిల్లలను పంపిస్తే ఒక మాట చెప్పి పంపు. తెల్లగా చిన్న చిన్న పూలతో, చామంతి ఆకులాంటి ఆకుతో రోడ్ల పక్కన విపరీతంగా ఉండేది వయ్యారిభామ. పిల్లలు అది కూడా అందంగా ఉందని తెస్తారు. చేతులకు దద్దుర్లు, దురద వస్తాయి, కొందరికి ఆయాసం కూడా. గన్నేరు పూలు పెట్టుకోవచ్చు, కాకపోతే గన్నేరు, పచ్చగన్నేరు రెండూ విషం, పేర్చగా మిగిలిన ఆకులు, కొమ్మలు తీసుకుపోయి పక్కింటి మేకకు వేయకండి. పండగ పూట అట్లా మేకను పోగొట్టుకున్నవాళ్ళు మా ఊర్లోనే ఉన్నారు.

గుమ్మడి తీగ ఒకటి ఇప్పుడే పెట్టెయ్, గోడ మీదికి పాకిస్తే జాగా కూడా తినదు. ఆకు బతుకమ్మ కింద పరచడానికి, పువ్వు పైన పెట్టడానికి. నలభై అయిదు రోజులకు పూత మొదలవుతుంది, ముందు వచ్చేవన్నీ మగ పూలే, కాయ పట్టడం లేదని కంగారు పడకు. కోసేటప్పుడు పువ్వు వెనక చిన్న బుడిపె కాయ ఉంటే అది ఆడ పువ్వు, వదిలెయ్. పొడుగు సన్న కాడ మీద ఉన్నది మగ పువ్వు, అది కోసుకో, తేనెటీగల కోసం రెండు మూడు ఉంచు. చిక్కేమిటంటే గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటుంది, మనం ఆడేదేమో సాయంత్రం. పొడుగు కాడతో కోసి నీళ్ళ గ్లాసులో నీడన పెట్టి, అన్నీ పేర్చడం అయ్యాక చివర్లో పెట్టు. చంద్రకాంత దీనికి సరిగ్గా ఎదురు, సాయంత్రం నాలుగు దాటాకే విచ్చుకుంటుంది, ఒక మూల నాలుగు గింజలు పడేస్తే ఏటేటా అదే మొలుస్తుంది. గౌరమ్మ చుట్టూ అప్పుడే కోసిన చంద్రకాంత పెడితే ఆట అయ్యేదాకా తాజాగా ఉంటుంది. సీతజడ కూడా వేసుకో, అదే కోడిజుట్టు పువ్వు, గునుగుకు చుట్టమే, బంతి నారుతోపాటే పోస్తే దసరాకు అందుతుంది, కోశాక వారం ఉన్నా రంగు తగ్గదు.

చామంతి గురించి మాత్రం ఆశ పెద్దగా పెట్టుకోకు. జూలైలో పిలకలు నాటితే దసరాకు ఒకటీ అరా విచ్చుకుంటుంది, అసలు పూత దీపావళికి, కార్తీక మాసానికి. అది రాత్రి పొడుగయ్యేకొద్దీ మొగ్గ కట్టే మొక్క. మాకు ఒక ఏడు తోటంతా పూసింది కానీ ఒక మూల మాత్రం నెల రోజులు ఆలస్యమైంది. మందు మార్చాం, ఎరువు మార్చాం, దిష్టి తీశాం కూడా. తర్వాత తెలిసింది ఆ మూలన కొత్తగా వీధి దీపం పెట్టారని. రాత్రంతా వెలుతురు పడితే దానికి రాత్రి పొడుగైన సంగతే తెలియదు. కాబట్టి మీ గేటు లైటు, వరండా లైటు పడని చోట పెట్టు. కుండీలో పెడితే ఇంకా మంచిది, సాయంత్రం లోపలి మూలకు జరుపుకోవచ్చు.

పేర్చడం నీకు వచ్చు అనుకుంటాను, అందుకే వరసలు నేర్పను. నీ బతుకమ్మ పక్కకు ఒరిగింది అని రాశావు కదా, దానికి మాత్రం చెప్తాను. బయటి వరసలు అందరూ శ్రద్ధగా పేరుస్తారు, లోపల ఏదో తోసేస్తారు. లోపలిదే గోడ. గునుగు కాడలు, తంగేడు ఆకు, పూలు తెంపగా మిగిలిన కొమ్మలు సన్నగా తరిగి, ప్రతి వరసకు లోపల పోసి అరచేత్తో గట్టిగా ఒత్తాలి, తర్వాతే పై వరస. తడి ఆకు నింపితే సాయంత్రానికి అణిగిపోయి బతుకమ్మ నడుము వంగుతుంది, అందుకే ముందు రోజు కోసి కాస్త వాడిన ఆకు నింపు. ఇత్తడి తాంబాళం జారుతుంది, గుమ్మడి ఆకు కింద ఒక తడి గుడ్డ వేసుకో. మా అత్తమ్మ తాంబాళానికి అడ్డంగా, నిలువుగా దారం ముందే వేసుకుని, పేర్చడం అయ్యాక పైకి లాగి ముడి వేసేది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, పేర్చేది లేదు, ఆ రోజు నీ తోటకు కూడా సెలవు, మర్నాటికి నాలుగు పూలు ఎక్కువ వస్తాయి.

గుమ్మానికి దండ గుచ్చేటప్పుడు సూది పువ్వు పక్క నుంచి కాకుండా కింద పచ్చటి తొడిమ నుంచి పైకి పోనియ్యి, రెండు రోజులు ఎక్కువ ఆగుతుంది. సున్నం గోడకు తగిలితే పసుపు మరక పడుతుంది, కొత్త ఇల్లు అన్నావు, జాగ్రత్త. మామిడాకులు ముందు రోజు కోసి తడి గోనె సంచిలో చుట్టి పెట్టు. పారిజాతం మొక్క ఒకటి ఎక్కడైనా ఇరికించగలిగితే పెట్టుకో, ఆశ్వయుజంలో పొద్దున్నే కింద రాలి ఉంటాయి, ఏరుకుని దేవుడికి పెట్టడమే.

దసరా జమ్మి గురించి నువ్వు అడగలేదు కానీ నేనే చెప్తున్నాను, టౌన్లలో జమ్మి పేరు మీద సర్కారు తుమ్మ కొమ్మలు పంచుకోవడం నేను కళ్ళారా చూశాను. సర్కారు తుమ్మకు ఆకు మొదట్లో పొడుగాటి ముళ్ళు జంటగా ఉంటాయి. జమ్మికి చిన్న ముళ్ళు కొమ్మ పొడవునా అక్కడక్కడ ఒక్కొక్కటిగా ఉంటాయి. బంగారం అని పెద్దవాళ్ళ చేతిలో పెట్టేది కదా, కాస్త చూసి తెంపు.

ఖర్చు సంగతి అడిగావు. విత్తనం, ట్రే, కొబ్బరిపొట్టు, ఒక సంచి పశువుల ఎరువు, అంతే. బంతి ఎక్కువ పూస్తే అమ్ముదాం అని మాత్రం ఇప్పుడే ఆలోచించకు. పండగ ముందు రెండు రోజులు హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ధర చూసి అందరూ రైతులైపోతారు, దసరా మర్నాడు అదే పువ్వును అడిగే దిక్కు ఉండదు. ఆ రెండు రోజులను పట్టుకోవడానికి మాకు ఇరవై ఏళ్ళు పట్టింది, ఇప్పటికీ మూడేళ్ళకు ఒకసారి తప్పుతాం.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన మొదటి పని, రేపు పొద్దున వెనక జాగాలోకి వెళ్ళి కలుపును దగ్గర నుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ఆకు సన్నగా కోలగా ఉండి, కాడ మొదట్లో కాస్త ఎర్ర జీర ఉన్న మొలకలు ఉంటే పీకకుండా వాటి ఫోటో విడిగా తియ్యి. గునుగో తోటకూరో చూసి చెప్తాను. అప్పటిదాకా మీ ఆయనను ఆ వైపు పార పట్టుకుని పోనియ్యకు.